ఎన్‌ఎఫ్‌ఎల్ ఫ్రీ ఏజెన్సీ: మొదటి రెండు రోజుల వార్తలను ఎలా చదవాలి

ప్రశ్న: "అమెరికా వచ్చి రెండేళ్ళయింది. మార్చి రాగానే ఆఫీసులో అందరూ ఫ్రీ ఏజెన్సీ అంటూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. సోమవారం మధ్యాహ్నమే ఫలానా ఆటగాడు ఫలానా జట్టుకి సంతకం చేశాడంటారు. మళ్ళీ బుధవారం దాకా ఎవరూ సంతకం చేయకూడదంటారు. ఏది నిజం? ఇంకొకటి, మొదటి రోజే భారీగా డబ్బు పెట్టిన జట్టు నిజంగా బాగుపడుతుందా?"

సమాధానం:

రెండూ నిజమే. సోమవారం కుదిరేది మాట, బుధవారం పడేది సంతకం.

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పెద్ద లీగ్. దాని లెక్కలో కొత్త సంవత్సరం జనవరిలో రాదు. మార్చి మధ్యలో ఒక బుధవారం, న్యూయార్క్ టైమ్ ప్రకారం సాయంత్రం 4 గంటలకు వస్తుంది. గడువు తీరుతున్న కాంట్రాక్టులు ఆ నిమిషంతో ముగుస్తాయి. నాలుగు సీజన్లు పూర్తిచేసి కాంట్రాక్ట్ అయిపోయినవాళ్ళు అప్పటినుంచి ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. దీన్నే ఫ్రీ ఏజెన్సీ అంటారు. (ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం ఆరు మ్యాచుల పాటు పూర్తి జీతంతో జట్టులో ఉండాలి.) మూడు సీజన్లే అయినవాళ్ళు కూడా బయట బేరం ఆడుకోవచ్చు గానీ, పాత జట్టు ముందే టెండర్ (ఒక ఏడాది జీతం ఆఫర్) ఇచ్చి ఉంటే, బయటి ఆఫర్‌తో సమానంగా తనే ఇచ్చి అట్టేపెట్టుకోవచ్చు.

ఆ బుధవారానికి ముందు 52 గంటలు, అంటే సోమవారం మధ్యాహ్నం 12 నుంచి, ఆటగాళ్ళ ఏజెంట్లతో మిగతా జట్లు బేరాలు మాట్లాడుకోవచ్చు. దీన్ని 2013లో మొదలుపెట్టారు. అందరూ లీగల్ ట్యాంపరింగ్ అంటారు. 2024లో ఇది మార్చి 11 సోమవారం మొదలై, 13 బుధవారం ముగిసింది. హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్ళకి సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలు, బుధవారం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి సంతకాలు. ఈ 52 గంటల్లో కుదిరిన మాటకి కట్టుబడాలని ఎక్కడా లేదు. ఆటగాడు మనసు మార్చుకోవచ్చు, జట్టు మెడికల్ టెస్టు చేసి వద్దనుకోవచ్చు.

అలా తప్పిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 2019లో డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్ ఆంథొనీ బార్ జెట్స్‌కి వెళ్తున్నాడని దేశమంతా వార్త వచ్చింది. మర్నాటికి మనసు మార్చుకుని వైకింగ్స్‌లోనే ఉండిపోయాడు. 2022లో ర్యాండీ గ్రెగరీ సంగతి ఇంకా గట్టిది. ఐదేళ్ళకి 70 మిలియన్ డాలర్లకి డల్లాస్‌లోనే ఉంటున్నాడని ఆ ఊరి జట్టు కౌబాయ్స్ సొంత ట్విటర్ ఖాతాలో ప్రకటించారు. తర్వాత కాంట్రాక్ట్ కాగితాలొచ్చాయి. ఆటగాడికి ఫైన్ పడితే గ్యారంటీ డబ్బుకి ఎసరొచ్చే ఒక షరతు అందులో కనిపించింది. గ్రెగరీ వైపువాళ్ళు ఒప్పుకోలేదు. అదే రోజు అంతే మొత్తానికి డెన్వర్ వెళ్ళిపోయాడు. అందుకే సోమవారం వార్తల్లో "అంగీకారం కుదిరింది" అని ఉంటే నమ్మండి, "సంతకం చేశాడు" అని ఉంటే బుధవారం సాయంత్రం దాకా ఆగండి.

ఈ 52 గంటల నియమాన్ని లీగ్ తేలిగ్గా తీసుకోదు. 2024లో క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటని నడుపుతూ బంతి విసిరేవాడు) కర్క్ కజిన్స్ అట్లాంటా ఫాల్కన్స్‌కి వచ్చాడు. అప్పటి నియమం ప్రకారం బుధవారం 4 దాకా జట్టువాళ్ళు ఏజెంట్‌తో తప్ప ఆటగాడితో నేరుగా మాట్లాడకూడదు. 13వ తేదీన కొత్త జట్టు ప్రెస్ మీట్‌లో కూర్చుని, ఇక్కడివాళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్పే ఉత్సాహంలో, నిన్న హెడ్ అథ్లెటిక్ ట్రైనర్‌కి ఫోన్ చేశానని కజిన్స్ తనే అనేశాడు. నిన్న అంటే 12. జూన్‌లో లీగ్ తీర్పు వచ్చింది: ఫాల్కన్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఐదో రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు) పోయింది, జట్టుకి రెండున్నర లక్షల డాలర్లు, జనరల్ మేనేజర్ టెరీ ఫాంటెనోకి 50 వేల డాలర్ల జరిమానా పడింది. ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద కూడా అదే సమయంలో విచారణ జరిగింది గానీ తప్పు చేసినట్టు ఆధారాలు దొరకలేదు.

మీరు అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సోమవారం 12 గంటల 5 నిమిషాలకే వంద మిలియన్ల ఒప్పందం ఎలా కుదురుతుంది? ఐదు నిమిషాల్లో కుదరదు. ఫిబ్రవరి చివర్లో డ్రాఫ్ట్‌కి వచ్చే కాలేజీ కుర్రాళ్ళకి ఇండియానాపోలిస్‌లో పరీక్షలు పెడతారు, దాన్ని కంబైన్ అంటారు. ముప్పై రెండు జట్ల జనరల్ మేనేజర్లు, పేరున్న ఏజెంట్లంతా ఆ వారం ఆ ఊళ్ళోనే ఉంటారు. పగలు కుర్రాళ్ళ పరుగులు చూస్తారు, రాత్రి భోజనాల దగ్గర ధరలు తెలుసుకుంటారు. ఇంకా వేరే జట్టు కాంట్రాక్టులో ఉన్నవాడి గురించి మాట్లాడకూడదు. మాట్లాడతారన్నది బహిరంగ రహస్యం. సోమవారం మధ్యాహ్నానికి చాలా పెద్ద బేరాల్లో మిగిలేది ఆఖరి అంకె ఒక్కటే.

మొదట్లో ఇంత వేగం లేదు. అసలు ఈ స్వేచ్ఛే ఆటగాళ్ళు కోర్టుకెక్కి తెచ్చుకున్నది. 1989 నుంచి ప్లాన్ బి అనే పద్ధతి నడిచింది. దాని ప్రకారం ప్రతి జట్టూ 37 మందిని అట్టేపెట్టుకోవచ్చు, మిగిలినవాళ్ళే బయటికి వెళ్ళొచ్చు. అంటే మంచి ఆటగాళ్ళెవరికీ దారి లేదు. ఫ్రీమన్ మెక్‌నీల్ అనే ఆటగాడు, ఇంకొందరు వేసిన కేసులో 1992 సెప్టెంబర్‌లో మినియాపోలిస్ జ్యూరీ ఆ పద్ధతిని తప్పుపట్టింది. ఆ వెనకే డిఫెన్సివ్ ఎండ్ రెజీ వైట్ పేరుతో ఆటగాళ్ళందరి తరఫునా వేసిన కేసు రాజీకి వచ్చి, 1993 మార్చి 1న ఇప్పుడు మనం చూస్తున్న ఫ్రీ ఏజెన్సీ మొదలైంది. వైట్ నెల రోజులకి పైగా ఊరూరా తిరిగి, జట్ల యజమానులతో మాట్లాడి, ఏప్రిల్‌లో గ్రీన్ బేకి నాలుగేళ్ళకి 17 మిలియన్లకి సంతకం చేశాడు. లీగ్‌లోకెల్లా చిన్న ఊరికి అంత పెద్ద ఆటగాడు వెళ్తాడని ఎవరూ అనుకోలేదు. 1997 జనవరిలో గ్రీన్ బే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆ మ్యాచ్‌లో వైట్ మూడు సాక్‌లు చేశాడు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాన్ని సాక్ అంటారు). ఇవాళ ఏ ఆటగాడికైనా ఒక మార్చి మధ్యాహ్నం ఇన్ని మిలియన్లు వస్తున్నాయంటే, తమ కెరీర్లు పణంగా పెట్టి కోర్టులో నిలబడ్డ ఆ మనుషుల పుణ్యమే. ఈ సంగతి కొత్తగా చూసేవాళ్ళకి తప్పకుండా తెలియాలని నా కోరిక.

ఇక రెండో ప్రశ్న. డబ్బు పెట్టిన జట్టు బాగుపడుతుందా?

మనవాళ్ళు చాలామంది దీన్ని ఐపీఎల్ వేలంలా ఊహించుకుంటారు. తేడా ఎక్కడుందో పట్టుకుంటే సగం అర్థమైపోతుంది. 2023 డిసెంబర్‌లో ప్యాట్ కమిన్స్‌ని సన్‌రైజర్స్ 20 కోట్ల 50 లక్షలకి కొన్నప్పుడు, బెంగళూరు ఎక్కడిదాకా పాడిందో గదిలో అందరికీ తెలుసు. కమిన్స్‌కి మాత్రం ఏ ఊరు కావాలో చెప్పే వీలు లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సరిగ్గా తలకిందులు. ఎక్కడికి వెళ్ళాలో ఆటగాడిష్టం. అవతలి జట్టు ఎంత ఇస్తానందో మీ జట్టుకి తెలీదు, ఏజెంట్ చెప్పిందే వినాలి. పక్కవాడు ఎగరేసుకుపోతాడన్న భయంతో, ఎదుటివాడి అంకె తెలీకుండా, గంటల్లో తేల్చుకోవాలి. అలా పుట్టే ధర ఆటగాడి విలువకంటే ఎక్కువే ఉంటుంది. మొదటి రోజు ధరల్లో తొందరకి కట్టే రేటు కూడా కలిసే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నిజంగా గొప్ప ఆటగాళ్ళు మార్కెట్ దాకా రావడమే అరుదు. పాత జట్టు ముందే కాంట్రాక్ట్ పొడిగిస్తుంది, లేదా ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఒక ఏడాది పెద్ద జీతంతో ఆపేస్తుంది. కాబట్టి ఎవరైనా బయటికి వచ్చాడంటే, అతన్ని రోజూ ప్రాక్టీస్‌లో చూసి, మోకాలి స్కానింగులన్నీ దగ్గర పెట్టుకున్న జట్టే ఆ ధరకి వద్దనుకుందన్నమాట. నేను ప్రతి మార్చిలో ముందు వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: వాళ్ళెందుకు వదిలేశారు? క్యాప్‌లో, అంటే జట్టు జీతాల ఖర్చుకి ఉన్న పరిమితిలో, డబ్బు లేక వదిలేస్తే కొన్నవాడికి లాభం ఉండొచ్చు. ఆ పొజిషన్‌కి అంత ఇవ్వడం ఇష్టంలేక వదిలేసినా ఉండొచ్చు. ఒంట్లో ఏదో తేడా తెలిసి వదిలేస్తే మాత్రం ఆ భారమంతా కొన్నవాడిమీద పడుతుంది.

2024 మార్చినే తీసుకుని చూపిస్తాను, ఎందుకంటే ఒంటి సంగతీ, పొజిషన్ సంగతీ రెండూ అందులో ఉన్నాయి.

ముందు కజిన్స్. 2023 అక్టోబర్ 29న వైకింగ్స్ తరఫున గ్రీన్ బేలో ఆడుతూ కాలి మడమ వెనక అకిలీస్ తెగింది. ఆగస్టులో 36 నిండబోతున్నాయి. వైకింగ్స్ అతన్ని ఇష్టపడింది గానీ, చాలా ఏళ్ళకి గ్యారంటీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అట్లాంటా ఒప్పుకుంది: నాలుగేళ్ళకి 180 మిలియన్లు. టీవీలో ఆ అంకే తిప్పితిప్పి చూపించారు. కానీ లోపల చూడండి. సైనింగ్ బోనస్ 50 మిలియన్లు. మొదటి ఏడాది జీతం 12.5, రెండో ఏడాది 27.5. ఈ మూడూ కలిపితే 90, ఇవి సంతకంతోనే ఖాయం. మరో 10 మిలియన్లు తర్వాతి మార్చిలో ఖాయమవుతాయి. అదీ 100 మిలియన్ల గ్యారంటీ. మిగతా 80 జట్టు ఉంచుకుంటేనే వస్తాయి. అంటే ఇది రెండేళ్ళ కాంట్రాక్ట్, ముందుకు సాగితే సాగుతుంది, అంతే.

ఇక్కడే సాలరీ క్యాప్ ఎలా పనిచేస్తుందో కూడా చూసేద్దాం. 2024లో ఒక్కో జట్టు ఖర్చుకి పరిమితి 255.4 మిలియన్లు. 1994లో ఈ పరిమితి మొదలైనప్పుడు 34.6 ఉండేది. సైనింగ్ బోనస్ ఆటగాడి చేతికి వెంటనే వచ్చేసినా, క్యాప్ లెక్కలో కాంట్రాక్ట్ ఏళ్ళమీద సమానంగా పంచుతారు, గరిష్ఠంగా ఐదేళ్ళు. కజిన్స్ 50 మిలియన్లని నాలుగుకి పంచితే ఏడాదికి 12.5. కాబట్టి 2024 క్యాప్‌లో అతని లెక్క 12.5 బోనస్, 12.5 జీతం, మొత్తం 25 మాత్రమే. ఆ ఏడాది అతని ఖాతాలో పడ్డది మాత్రం 62.5! మొదటి ఏడాది చవగ్గా కనిపించేది ఇందుకే. మరి ఒక్క ఏడాదికే వదిలించుకోవాలంటే? ఇంకా పంచని బోనస్ 37.5, ఖాయమైన జీతం 27.5, మొత్తం 65 మిలియన్లు ఆడని మనిషికోసం క్యాప్‌లో పడతాయి. దీన్నే డెడ్ మనీ అంటారు.

ఈ లెక్క ఎంత దూరం వెళ్తుందో డెన్వర్‌ని చూస్తే తెలుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని అదే మార్చిలో వదిలించుకున్నందుకు రెండేళ్ళలో కలిపి 85 మిలియన్ల డెడ్ మనీ మోసింది. విల్సన్‌కి ఆ ఏడాదికి 39 మిలియన్లు డెన్వర్ ఎలాగూ ఇవ్వాలి కాబట్టి, పిట్స్‌బర్గ్ అతన్ని కనీస జీతం 1.21 మిలియన్లకే తీసుకుంది.

అట్లాంటా కథకి వద్దాం. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్‌తో మైకేల్ పెనిక్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుని ఫాల్కన్స్ అందర్నీ ఆశ్చర్యపరిచింది. కజిన్స్ బాగా ఆడిన రోజులూ ఉన్నాయి. అక్టోబర్ మొదట్లో టాంపా బే మీద 509 గజాలు విసిరి ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు. నవంబర్ నుంచి పడిపోయాడు. ఆఖరి ఐదు మ్యాచుల్లో ఒక్క టచ్‌డౌన్ పాస్ (స్కోరు తెచ్చే పాస్), తొమ్మిది ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటి జట్టు చేతికి చిక్కడం). డిసెంబర్‌లో బెంచీమీద కూర్చోబెట్టారు.

మరి అతన్ని పోనిచ్చిన వైకింగ్స్? అదే మార్చిలో శామ్ డార్నాల్డ్‌ని ఒక్క ఏడాదికి 10 మిలియన్లకి తెచ్చుకుంది. జెట్స్‌లో, కరోలైనాలో తేలిపోయిన కుర్రాడని అప్పుడెవరూ పట్టించుకోలేదు. అతను కూడా కొత్త కుర్రాడు జె.జె. మెకార్తీ సిద్ధమయ్యేదాకానే అనుకున్నారు. మెకార్తీ మోకాలు ఆగస్టులో దెబ్బతింది, డార్నాల్డ్ ఆడాడు, జట్టు 14 గెలిచి 3 ఓడింది. డిసెంబర్ 8న కజిన్స్ పాత ఊరు మినియాపోలిస్‌కి వచ్చాడు. వైకింగ్స్ 42, ఫాల్కన్స్ 21. డార్నాల్డ్ ఐదు టచ్‌డౌన్ పాసులు. కజిన్స్ ఒక్కటి కూడా లేదు, రెండు ఇంటర్‌సెప్షన్లు. మార్చిలో పెట్టిన ధరలు, డిసెంబర్‌లో వచ్చిన ఆట ఒకే మైదానంలో పక్కపక్కన కనిపించిన రోజది.

ఇప్పుడు సేక్వాన్ బార్క్‌లీ. నేను న్యూజెర్సీలో ఉండే జెయింట్స్ అభిమానిని కాబట్టి ఇది నాకు ఇప్పటికీ బాధే. 2018లో రెండో పిక్‌తో జెయింట్స్ తెచ్చుకున్న రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. 2023 మార్చిలో ట్యాగ్ గడువుకి నిమిషాల ముందు క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్ళకి 160 మిలియన్లు రాసిచ్చి, బార్క్‌లీకి ట్యాగ్ వేశారు. ఏడాది తర్వాత ట్యాగ్ కూడా వేయకుండా వదిలేశారు. కారణం మనిషి కాదు, పొజిషన్. రన్నింగ్ బ్యాక్‌లు ఇరవయ్యేడు దాటితే తగ్గిపోతారు, ఆ డబ్బు లైన్‌మీద (ముందు నిలబడి దారి చేసేవాళ్ళమీద), ఎడ్జ్ రషర్లమీద (అంచునుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్ళమీద) పెట్టాలన్నది లీగ్‌లో చాలామంది నమ్మకం. ఆ వసంతంలో జెయింట్స్ ఆఫీసులో కెమెరాలు పెట్టి ఒక టీవీ సిరీస్ తీశారు. యజమాని జాన్ మారా, జనరల్ మేనేజర్ జో షోన్‌తో, సేక్వాన్ ఫిలడెల్ఫియాకి వెళ్తే తనకి నిద్రపట్టడం కష్టమని అనడం అందులో ఉంది. ఆ మాట ప్రసారమయ్యేసరికే బార్క్‌లీ మూడేళ్ళకి 37.75 మిలియన్లు, అందులో 26 గ్యారంటీతో, ఈగల్స్‌లో ఉన్నాడు.

జెయింట్స్ చెప్పిన లెక్క పుస్తకం ప్రకారం తప్పు కాదు. 2023లో బార్క్‌లీ పరుగెత్తింది 962 గజాలే. కానీ ఆ గజాలు బలహీనమైన లైన్ వెనక వచ్చినవి. ఈగల్స్‌లో ముందు జోర్డన్ మైలాటా, లేన్ జాన్సన్, లాండన్ డికర్సన్ ఉన్నారు. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ కూడా పరుగెత్తగలడు కాబట్టి డిఫెన్స్ ఒక్కడిమీదే కన్నేసి ఉంచలేదు. ఆటగాడు మారలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు మారారు. అక్టోబర్ 20న మా ఊరి పక్కనే ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, తన పాత స్టేడియంలో, 17 సార్లు బంతి పట్టి 176 గజాలు పరుగెత్తాడు. ఈగల్స్ 28, జెయింట్స్ 3. సీజన్ మొత్తం 2,005 గజాలు. ఎరిక్ డికర్సన్ 1984లో పెట్టిన 2,105 రికార్డు దాటడానికి ఇంకో 101 ఉంటే చాలు. ఆఖరి మ్యాచ్ మళ్ళీ జెయింట్స్‌తోనే. ప్లేఆఫ్స్ ముందున్నాయని అతనికి విశ్రాంతి ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 9న ఈగల్స్ 40-22తో చీఫ్స్‌ని ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. జెయింట్స్ 3 గెలిచి 14 ఓడింది, జోన్స్‌ని నవంబర్‌లోనే వదిలేశారు. అదే మార్చిలో పోనిచ్చిన సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక కాపలా కాసేవాడు) జేవియర్ మెకినీ గ్రీన్ బేలో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లతో ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్‌లో మేటి ఆటగాళ్ళ జాబితా) అయ్యాడు. చెప్పాలంటే మెకినీ పోవడమే నన్ను ఇంకా ఎక్కువ కలచివేసింది, ఎందుకంటే అతని పొజిషన్‌కి వయసు సాకు కూడా లేదు.

బార్క్‌లీ ఉదాహరణ చూసి రన్నింగ్ బ్యాక్‌లందరికీ డబ్బు పోయాలని అనుకోకండి. ఆ పొజిషన్ ధర అప్పటికే పడిపోయి ఉంది, అందుకే బేరం గిట్టింది. ముప్పై దాటిన డెరిక్ హెన్రీ రెండేళ్ళకి 16 మిలియన్లకే బాల్టిమోర్ వెళ్ళి 1,921 గజాలు చేశాడు. అందరూ ఎగబడే పొజిషన్లలో ఇలాంటివి దొరకవు. ఆ మార్చిలోనే రేడర్స్ డిఫెన్సివ్ టాకిల్ క్రిస్టియన్ విల్కిన్స్‌కి నాలుగేళ్ళకి 110 మిలియన్లు రాసింది. పాదం విరిగి ఐదు మ్యాచులే ఆడాడు, 2025 జులైలో వదిలేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, 2009లో తలుపు తెరిచిన కొద్ది గంటల్లోనే వాషింగ్టన్ ఆల్బర్ట్ హేన్స్‌వర్త్‌కి ఏడేళ్ళకి 100 మిలియన్లు ఇచ్చింది. రెండు సీజన్లకే ఒక ఐదో రౌండ్ పిక్‌కి అతన్ని పంపించేసింది.

ఈగల్స్ ఆ మార్చిలో చేసిన అన్నిటికంటే మంచి పని బార్క్‌లీ కూడా కాదంటాను. న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో (కిక్‌లప్పుడు దిగే బృందం) ఆడే జాక్ బాన్ అనే కుర్రాణ్ణి ఒక్క ఏడాదికి 3.5 మిలియన్లకి తెచ్చింది. ఆ వార్త ఏ టీవీలోనూ పెద్దగా రాలేదు. అంచున ఆడేవాణ్ణి మధ్యలోకి, ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా మార్చారు. ఆ ఏడాదే ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో. మరుసటి ఏడాది మార్చిలో అతనికి మూడేళ్ళకి 51 మిలియన్లు ఇచ్చి ఆపుకున్నారు. జెట్స్ వదిలేసిన మెకై బెక్టన్‌ని ఏప్రిల్ చివర్లో చిన్న ఒప్పందంతో తెచ్చి, లైన్ అంచున టాకిల్‌గా ఆడేవాణ్ణి లోపలి గార్డ్‌గా మార్చారు. సూపర్ బౌల్ గెలిచిన లైన్‌లో అతనొకడు. కాబట్టి మొదటి రెండు రోజులు చూసి టీవీ కట్టేయకండి.

అలాగని మొదటి రోజు డబ్బు పెట్టడం ఎప్పుడూ తప్పనీ అనలేం. 2024లో 4 గెలిచి 13 ఓడిన న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్, 2025 మార్చిలో మిల్టన్ విలియమ్స్‌కి నాలుగేళ్ళకి 104 మిలియన్లు, ఇంకా స్టెఫాన్ డిగ్స్, కార్ల్‌టన్ డేవిస్, హెరాల్డ్ లాండ్రీలకి పెద్ద మొత్తాలు ఇచ్చింది. ఆ సీజన్ 14-3తో ముగించి సూపర్ బౌల్ దాకా వెళ్ళింది. వాళ్ళకెందుకు కలిసొచ్చిందంటే, క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే డ్రాఫ్ట్ నుంచి వచ్చిన కొత్త కుర్రాడు, ఇంకా చిన్న జీతంలో ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్‌కి వెళ్ళాల్సిన డబ్బు మిగతా చోట్ల పెట్టగలిగారు. ఆ ఫైనల్లో వాళ్ళని ఓడించిన సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు? అదే శామ్ డార్నాల్డ్. 2025లో మొదటి రోజే మూడేళ్ళకి 100.5 మిలియన్లకి మాట కుదిరింది. ఈసారి అతన్ని పోనిచ్చింది మినెసోటా వైకింగ్స్.

చివరగా మీ ఆఫీసువాళ్ళు బహుశా చెప్పని సంగతి ఒకటి. ఆటగాళ్ళని పోనివ్వడంలో కూడా లాభం ఉంది. ఫ్రీ ఏజెన్సీలో తెచ్చుకున్నవాళ్ళకంటే పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువైతే, తర్వాతి ఏడాది డ్రాఫ్ట్‌లో మూడు నుంచి ఏడో రౌండ్ల చివర లీగ్ అదనపు పిక్‌లు ఇస్తుంది, ఒక జట్టుకి నాలుగు దాకా. వీటిని కాంపెన్సేటరీ పిక్‌లంటారు. పోయినవాడికి బయట ఎంత పెద్ద కాంట్రాక్ట్ వస్తే అంత మంచి పిక్. ఇందులో రెండు మెలికలున్నాయి. కాంట్రాక్ట్ మధ్యలో జట్టు వదిలేసినవాణ్ణి తెచ్చుకుంటే అది లెక్కలోకి రాదు. డ్రాఫ్ట్ అయిన తర్వాతి సోమవారం దాటాక ఎవర్ని తెచ్చుకున్నా లెక్కలోకి రాదు. మే నెల మొదట్లో అనుభవం ఉన్న ఆటగాళ్ళు కొందరు ఉన్నట్టుండి జట్లు దొరికించుకోవడం మీరు చూస్తే, కారణం చాలాసార్లు ఇదే. వాళ్ళ ఆట ఏప్రిల్‌లో ఎంతో మేలోనూ అంతే, జట్టుకి పిక్ పోయే భయం లేదంతే. 2025లో సూపర్ బౌల్ గెలిచిన నెలకే ఈగల్స్ విలియమ్స్‌ని న్యూ ఇంగ్లాండ్‌కి, జోష్ స్వెట్‌ని అరిజోనాకి, బెక్టన్‌ని లాస్ ఏంజెలిస్ చార్జర్స్‌కి వెళ్ళనిచ్చింది. బయట నుంచి చూసేవాళ్ళకి జట్టు చెదిరిపోతున్నట్టే అనిపించింది. వాళ్ళు ఆ డబ్బుతో బాన్‌ని ఆపుకున్నారు, బార్క్‌లీకి రెండేళ్ళు, 41.2 మిలియన్లు పొడిగించారు, పోయినవాళ్ళ బదులు వచ్చే పిక్‌ల లెక్క పక్కన రాసిపెట్టుకున్నారు.

మీ జట్టేదో చెప్పలేదు. ఈసారి మార్చిలో వాళ్ళు ఎవర్నైనా తెచ్చుకుంటే, పేరు, గ్యారంటీ మొత్తం, వయసు, పాత జట్టు ఏదో ఇక్కడ రాయండి. కాంట్రాక్ట్ పూర్తి వివరాలు మామూలుగా సంతకమైన రెండు మూడు రోజులకి బయటికొస్తాయి. అప్పుడు ఏడాదివారీ క్యాప్ లెక్క వేసి చూద్దాం.